కత్తెరకు ముందు

అశ్వని కార్తె, మొదటి సోమవారం.
పొద్దున ఏడుకే రాయి కాలుతుంటే
ఊలిగప్ప దొడ్డి ముందర గోనెపట్టా పరిచి కూర్చున్నా.
ఎడమ మోకాలు గొర్రె మెడ మీద,
కుడిచేతిలో మా నాయన వాడిన కత్తెర.
తలకు పదహైదు రూపాయలు, మధ్యాన్నం సంగటి.
నలభై మూడు తలలు.

"కానీ పెద్దన్నా, కత్తెర ఎండలొచ్చేలోగా
కత్తెర పడాల" అన్నాడు ఊలిగప్ప.
ఏటా అనే మాటే. ఏటా నవ్వుతాం.

ఉన్ని ఊడొస్తుంటే
లోపలి గొర్రె ఎంత చిన్నదో తెలుస్తాది.
లేత చర్మం, నా చెయ్యి జారిన చోట ఒక గీత,
గీత మీద పసుపు.
వదిలితే రెండడుగులు ఎగిరి
తన నీడను తానే గుర్తుపట్టక నిలబడిపోతాది.

మూడు గంటలకు పడమర గుట్ట మీద
సున్నపుబట్టీ పొగ మాదిరి మబ్బు లేచింది.
గాలి తిరిగింది. అందులో చలి వాసన,
ఈ కాలంలో మా ఊరికి దారి తెలియని వాసన.
వేపపూత రాలిన నేల మీద
మొదటి రాయి పడినప్పుడు
కాయేమో అనుకున్నా.

తర్వాత లెక్క లేదు.
రేకు మీద, కడవ మీద, నా వీపు మీద.
చీనీకాయంత అని చెప్పుకుంటున్నారు గానీ
అబద్ధమెందుకు, రేగ్గాయంత. అర్ధగంట.
నిలిచినాక చూస్తే చేనంతా ఉప్పుమడి.
హనుమక్క మనవడు దోసిట్లో ఎత్తుకుని
"ఊరకే ఐసు! ఊరకే ఐసు!" అని ఎగిరినాడు.

గాలి మాత్రం పోలేదు.
పొద్దుగూకే సరికి ఊపిరి పొగై కనపడింది.

గొర్రెలు అరవలేదు. అరిస్తే బాగుండు.
ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి
నలభై మూడు బోడి వీపులు ఒకే వణుకు,
ఎసరు మీద మూత అదిరినట్టు.
మొదట కూలబడింది చుక్కచెవిది. సూలుది.
నా భుజాన గొంగడి ఉంది,
ఏ ఏటి గొర్రెలదో.

మూట కాళ్ళ దగ్గరే ఉంది.
తాడు బిగించి, కల్యాణదుర్గం సేటు దగ్గర
బయానా అందుకున్న మూట.
ఏ నలుపు ఏ వీపుదో నాకు తెలుసు.

ఊలిగప్ప ఏమీ అనలేదు.
నా వైపు కూడా చూడలేదు.
కొడవలి తీసి తాడు కోసినాడు.

ఆ రాత్రి ముగ్గురం, ఐసు పిల్లోడితో నలుగురం,
గొర్రెలకు ఉన్ని కప్పినాం.
మగ్గం లేదు, దారం లేదు.
పురికొసతో, చిరిగిన చీరతో, ఎరువుల గోతాంతో
నడుములు కట్టినాం.
నల్లదాని మీద తెల్లది, ముసలిదాని మీద పిల్లది.
నిలిచేది నిలిచింది, జారేది జారింది.

తెల్లారికి ఆరు పోయినాయి.
చుక్కచెవిది నా గొంగడి కిందనే పోయింది.
మిగిలినవి పగటివేషగాళ్ళ గుంపు మాదిరి నిలబడినాయి.
సగం ఉన్ని బురదలో, వేపపూతతో కలిసి,
ఏ సేటూ అడగనిదై.

తొమ్మిదికల్లా మళ్ళీ రాయి కాలింది.
తొట్టి మూల నీడలో
పిడికెడు ఐసు మాత్రం సాక్ష్యానికి మిగిలింది.

పిల్లోడు సెల్లు చూపించినాడు.
యాడనో నారింజ తోటల ఊర్లలో, పూతకాలంలో,
మంచు పడిందంట.
పండ్ల మీద తెల్లటోపీలు, నవ్వుతా జనం.
అక్కడి గొర్రెలకు కత్తెర పడిందో లేదో
రెండు మార్లు వేయించి చూసినా
కనపళ్ళేదు.

ఊలిగప్ప కూలి లెక్కపెట్టి ఇచ్చినాడు,
నలభై మూడుకూ.
ఆరు తలల దుడ్డు వెనక్కిస్తే తీసుకోలేదు.
"కోసింది నువ్వు. కురిసింది నువ్వు కాదు గదా."

కత్తెరను నూనెగుడ్డలో చుట్టి సంచిలో పెట్టినా.
రేపు పక్క ఊర్లో అరవై తలలు.
బస్సెక్కే ముందు
పడమర గుట్ట వైపు తిరిగి చూసినా.
మా నాయన ఈ కార్తెలో
అటు ఎప్పుడూ చూసింది లేదు.